ప్రార్థన చేయమంటున్నారు సరే, నేర్పేదెప్పుడు?

సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, ప్రార్థన కూటాలు నడిపేవారికి,

ప్రభువు నామంలో వందనాలు.

ప్రార్థన మీద మీరు చేసే ప్రసంగాలు ఏళ్ల తరబడి వింటున్న సంఘస్థుల్లో నేనూ ఒకరిని. ఆ ప్రసంగాల్లో చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. గొప్ప ప్రార్థనాపరుల జీవితాల నుంచి రెండు మూడు సంగతులు చెబుతారు. మా జీవితాలు వాటికి ఎంత దూరంలో ఉన్నాయో గుర్తుచేస్తారు. చివర్లో "రోజుకు ఒక గంటైనా దేవునికి ఇవ్వలేరా?" అని అడుగుతారు. ఆ తర్వాత సమర్పణ ప్రార్థన, కన్నీళ్లు, రేపటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికే లేస్తామని తీర్మానం. ఆదివారం చేసిన ఆ తీర్మానం మామూలుగా బుధవారం దాటదు. మిగిలేది నేరభావన. మళ్లీ ప్రార్థన మీద ప్రసంగం ఉందని తెలిస్తే చాలు, కొంతమందికి ముందే టెన్షన్ మొదలవుతుంది.

మీ చిత్తశుద్ధిని నేను అనుమానించడం లేదు. మీలో చాలామంది మా పేర్లు పెట్టి మా కోసం ప్రార్థిస్తారని తెలుసు. నా ఫిర్యాదు ఒక్కటే. ప్రార్థన చేయమని మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఎప్పుడు కూర్చోవాలి, ఏ మాటలతో మొదలుపెట్టాలి, మనసు పక్కకు పోతే ఏం చేయాలి, నాలుగు రోజులు మానేస్తే ఐదో రోజు ఎలా తిరిగి రావాలి, ఇవి మాత్రం నేర్పలేదు. "రోజూ బైబిలు చదవండి, ప్రార్థన చేసుకోండి" అని బాప్తిస్మం రోజున చెప్పి పంపేస్తే కొత్త విశ్వాసి ఇంటికి వెళ్లి ఏం చేస్తాడు? మోకరిస్తాడు. తెలిసిన నాలుగు మాటలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. కళ్లు తెరిచి గడియారం చూస్తాడు. గంటలో ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు మిగిలి ఉంటాయి. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు.

లూకా 11వ అధ్యాయం మీకు నాకంటే బాగా తెలుసు. "ప్రభువా, మాకు ప్రార్థన చేయ నేర్పుము" అని అడిగిన ఆ శిష్యుడు చిన్నప్పటి నుంచి సమాజమందిరానికి వెళ్లిన యూదుడు. పండుగ ప్రార్థనలు, కీర్తనలు వింటూ పెరిగినవాడు. అయినా నేర్పమని అడిగాడు, అడగడానికి సిగ్గుపడలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులకు నేర్పాడు కదా, మాకూ నేర్పండి అన్నాడు. అంటే ప్రార్థన నేర్పడం బోధకుడి పని అని అప్పటికే అందరూ అనుకునేవారన్నమాట. యేసు ఆయనను "ఇన్నాళ్లూ నాతో తిరిగి ఇదేనా నేర్చుకున్నది?" అని మందలించలేదు. "మీరు ప్రార్థన చేయునప్పుడు ఇలా పలకండి" అంటూ మాటలు ఇచ్చాడు. లూకా రాసిన ఆ ప్రార్థన మూడు వచనాలు. నెమ్మదిగా చెప్పినా అర నిమిషం పట్టదు.

ఈ గంట లెక్క ఎక్కడిది? గెత్సేమనే తోట నుంచే కదా. "ఒక గడియయైనను నాతో కూడ మేల్కొనియుండలేరా?" అన్న మాటను తీసుకుని అనుదిన ప్రార్థనకు కొలతగా పెట్టేశారు. ఆ మాట యేసు ఎవరితో అన్నాడో, ఏ రాత్రి అన్నాడో ఒకసారి చూడండి. అది సిలువకు ముందు రాత్రి. శిష్యులు దుఃఖం వల్ల నిద్రపోయారని లూకా చెబుతాడు. యేసు కూడా వాళ్లను నిద్ర లేపిన వెంటనే ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనం అని వాళ్ల తరఫున తానే కారణం చెప్పాడు. ఆ ఒక్క రాత్రి తోడుగా ఉండమని అడిగిన మాటను, పిల్లల్ని స్కూలుకు పంపి డ్యూటీకి పరుగెత్తే మనిషికి ప్రతిరోజూ కట్టాల్సిన కప్పంగా మార్చడం న్యాయం కాదు. అదే తోటలో ఇంకో సంగతి ఉంది. దాని మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు. మూడోసారి వెళ్లినప్పుడు యేసు "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని మత్తయి రాశాడు. కొత్త మాటలు వెతుక్కోలేదు.

తెల్లవారుజాము సంగతీ అంతే. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. నిజమే. ముందురోజు సాయంత్రం పట్టణమంతా ఆయన ఉన్న ఇంటి వాకిట్లో కూడి ఉంది, తెల్లారితే మళ్లీ వస్తారు, ఒంటరిగా దొరికే సమయం అదొక్కటే. అప్పుడు కూడా సీమోను వెతుక్కుంటూ వచ్చి మధ్యలోనే ఆపాడు. ఆయన విసుక్కోకుండా లేచి పక్క ఊళ్లకు బయల్దేరాడు. మరి ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు. పేతురు మధ్యాహ్నం పన్నెండింటికి మిద్దె మీద ప్రార్థించాడు, అప్పుడు ఆకలిగా కూడా ఉన్నాడు. పేతురు, యోహాను దేవాలయానికి వెళ్లింది పగలు మూడు గంటలకు. పౌలు, సీల చెరసాలలో పాడింది మధ్యరాత్రి. నాలుగింటికి లేవగలిగినవాళ్లు లేవాలి, అది మంచి సమయమే. నైట్ డ్యూటీ ముగించుకుని ఆరింటికి ఇంటికి చేరే నర్సుకు మాత్రం ఆ నియమం పెట్టకండి.

అయితే లేఖనాల్లో గట్టిగా కనిపించేది ఇంకొకటి ఉంది. ఏ సమయమైనా సరే, అది ముందే కుదుర్చుకున్న సమయం. "సాయంకాలమున ఉదయమున మధ్యాహ్నమున" అంటాడు దావీదు 55వ కీర్తనలో. దానియేలు ఖాళీగా కూర్చున్న మనిషి కాదు. నూట ఇరవై మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఒకడు. రోజుకు మూడుసార్లు మోకరించేవాడు. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న రాజశాసనం వచ్చిన రోజున కొత్తగా ఉపవాసం ప్రకటించలేదు, ఎప్పటిలాగే పైగదికి వెళ్లాడు. శత్రువులకు ఆయనను పట్టుకోవడం అంత తేలికైంది అందుకే. ఎప్పుడు, ఏ కిటికీ దగ్గర ఉంటాడో వాళ్లకు తెలుసు. యేసు విషయంలోనూ ఇదే జరిగింది. ఒలీవల కొండకు వెళ్లడం ఆయన వాడుక అని లూకా అంటాడు. తరచుగా శిష్యులతో అక్కడికి వెళ్లేవాడు కాబట్టి యూదాకు ఆ చోటు తెలుసని యోహాను అంటాడు. మన ప్రార్థనా స్థలం మన ఇంట్లోవాళ్లకైనా తెలుసా? (నన్ను అడిగితే, ప్రసంగంలో అడగాల్సిన ప్రశ్న ఇది. ఎన్ని గంటలు చేశారన్నది తర్వాత.)

అలవాటుగా చేస్తే యాంత్రికం అయిపోతుందని మీలో కొందరంటారు. ఆత్మ నడిపింపు ఉన్నప్పుడే ప్రార్థించాలని ఇంకొందరంటారు. నడిపింపు వచ్చేదాకా ఆగిన మనిషి నెలల తరబడి ఆగుతూనే ఉండటం మీరూ చూసే ఉంటారు. ఆదిమ సంఘం అలా ఆగలేదు. అపొస్తలుల తర్వాతి తొలి తరాల క్రైస్తవులకు బోధనా గ్రంథంగా ఉన్న డిడకే, ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమని 8వ అధ్యాయంలో స్పష్టంగా నిర్దేశిస్తుంది. అంతే, మూడుసార్లు. ఎంతసేపు అన్న మాటే లేదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాల కోసం రాసిన నియమావళి కూడా ప్రార్థన క్లుప్తంగా, స్వచ్ఛంగా ఉండాలని చెప్పింది. అదీ జీవితాన్నే ప్రార్థనకు, పనికి కేటాయించుకున్న సన్యాసులకు. ఈజిప్టు ఎడారిలోని సోదరులు తరచుగా, చాలా చిన్న ప్రార్థనలను బాణాల్లా విసిరేవారని అగస్టీన్ ఐదో శతాబ్దం మొదట్లో ప్రోబా అనే విధవరాలికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. పొడుగ్గా లాగితే శ్రద్ధ మొద్దుబారిపోతుందన్నది వాళ్ల భయం. 1549లో ఇంగ్లండ్ సంఘానికి థామస్ క్రాన్మర్ ప్రార్థన క్రమం తయారుచేసినప్పుడు, మఠాల్లో రోజుకు ఎన్నోసార్లు జరిగే ప్రార్థనలను మామూలు జనం కోసం ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా కుదించాడు. నూట యాభై కీర్తనలూ నెలలో పూర్తయ్యేలా పంచాడు. వీళ్లెవరూ సోమరులు కారు. మనిషి శరీరం, మనసు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లు.

మొరేవియన్లు అనే క్రైస్తవ సమాజం సంగతి మీ ప్రసంగాల్లో తరచూ వస్తుంది కాబట్టి అదీ చెప్పాలి. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొదలైన ఆ నిరంతర ప్రార్థన వందేళ్లు ఆగలేదని చెబుతారు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. కానీ దాని వెనుక ఉన్న ఏర్పాటు చెప్పరు. రోజును గంటలుగా విభజించుకుని వంతులవారీగా చేశారు. ఒకరి వంతు అయిపోతే ఇంకొకరు అందుకునేవారు. ఆ సంఘాన్ని చూసి మేం నేర్చుకోవాల్సింది ఆ పంపకమేనని నాకనిపిస్తుంది. మీరు మాత్రం వందేళ్ల లెక్క చెప్పి ఒక్కొక్కరినీ విడివిడిగా నిలదీస్తారు.

ఇక మాటల సంగతి. మన సంఘాల్లో చాలాచోట్ల రాసి ఉన్న ప్రార్థన చదవడం అంటే చిన్నచూపు. హృదయంలోంచి రావాలంటారు. మత్తయి 6:7లో వ్యర్థమైన మాటలు వచించవద్దన్నాడు కదా అని చూపిస్తారు. ఆ మాట అన్నవాడే రెండు వచనాల తర్వాత కంఠస్థం చేయదగ్గ ప్రార్థన ఇచ్చాడు. సిలువ మీద ఆయన నోట వచ్చిన "నా దేవా, నా దేవా" అన్న కేక 22వ కీర్తనలోది. "నా ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాను" అన్నది 31వ కీర్తనలోది. చేప కడుపులో యోనా చేసిన ప్రార్థనలో కీర్తనల పలుకులు అడుగడుగునా వినిపిస్తాయి. ఊపిరాడని చోట మనిషికి కొత్త మాటలు తట్టవు, లోపల ముందే దాచుకున్నవి బయటికొస్తాయి. అయినా మనం స్వేచ్ఛగా చేస్తున్నామనుకునే ప్రార్థనలు ఎంత కొత్తవో చెప్పండి. "ఈ దినమున నీ పాదసన్నిధికి వచ్చుచున్నాము తండ్రీ" దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తాయో చిన్నపిల్లలు కూడా అనుకరించి చూపిస్తారు. రాసుకోకపోయినా అదీ ఒక క్రమమే.

మాకు కీర్తనలు ఇవ్వండి. ఇవ్వడమంటే వాటి మీద ప్రసంగించడం ఒక్కటే కాదు, వాటితో ప్రార్థించడం నేర్పడం. ఇరవై మూడో కీర్తన అందరికీ వచ్చు. పదమూడోది ఎంతమందికి వచ్చు? "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది అది. ఎనభై ఎనిమిదోది మొదటి నుంచి చివరి దాకా చీకటే, ఓదార్పు లేకుండా చీకటి అన్న మాటతోనే ముగింపుకొస్తుంది. దేవునితో ఇలా కూడా మాట్లాడవచ్చని బైబిలే అనుమతి ఇస్తుంటే, మా ప్రార్థనలన్నీ ఎప్పుడూ స్తోత్రాలతో కళకళలాడాలని ఎందుకు నేర్పుతున్నారు? ఉద్యోగం పోయినవాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రార్థన మానేయడానికి కారణం చాలాసార్లు అవిశ్వాసం కాదు. తమ దగ్గరున్న మాటలు దేవుని ముందు పలకదగ్గవి కావని ఎవరో చెప్పారు, అందుకని నోరు మూసుకున్నారు.

నేర్పడం ఎలా ఉంటుందో చూడాలంటే 1535లో మార్టిన్ లూథర్ చేసిన పని చూడండి. తనకు క్షవరం చేసే పీటర్ అనే మిత్రుడు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే ఆయన ఏకంగా ఒక చిన్న పుస్తకమంత జవాబు రాశాడు. అందులో అంతా పని చెప్పడమే. ఉదయం మొదటి పని, రాత్రి చివరి పని ప్రార్థన కావాలి. "ఇదిగో ఈ పని చూసుకుని ఒక గంటలో చేస్తా" అనిపిస్తే ఆ ఆలోచనను నమ్మకు, ఒక పని ఇంకో పనిని తెస్తుంది. మనసు చల్లబడి ఉంటే కీర్తనల పుస్తకం తీసుకో, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం మెల్లగా చెప్పుకో. ప్రభువు ప్రార్థనలో ఒక్కో మాట దగ్గర ఆగి దాన్ని నీ సొంత మాటల్లోకి మార్చుకో. మధ్యలో ఏదైనా ఒక ఆలోచన మనసును పట్టుకుంటే మిగతావి వదిలేసి దాన్నే విను. క్షవరం చేసేవాడు దృష్టి కత్తి మీద పెట్టకుండా కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుందని సరదాగా హెచ్చరించాడు కూడా. సంస్కరణోద్యమమంతా నెత్తిన ఉన్న మనిషి ఒక్కడి కోసం అంత ఓపికగా రాశాడు. ఏ పనిచేసే మనిషికి ఆ పని భాషలో చెప్పాడు.

మాలాంటివాళ్లకు మొదట్లో పది నిమిషాలు చాలు. ఒక కుర్చీ, ఒక మూల. ఫోన్ వేరే గదిలో ఉండాలి. బైబిలు ఫోన్‌లో చదివేవాళ్లు ఈ ఒక్క పదినిమిషాలకైనా అచ్చు పుస్తకం తీసుకుంటే మంచిది, ఎందుకంటే కీర్తన చదువుతుండగానే పైన మెసేజ్ వచ్చి పడుతుంది. కాసేపు మౌనంగా ఉండాలి. ఒక కీర్తన పైకి, నెమ్మదిగా చదవాలి. మనసుకు తగిలిన వాక్యం ఏదైనా ఉంటే మళ్లీ చదివి దాన్నే దేవునికి తిరిగి చెప్పాలి. నిన్న జరిగిన దాంట్లో ఒక్కదానికి, పేరు పెట్టి, కృతజ్ఞత. చేసిన తప్పు "నా పాపములన్నియు" అని టోకున కాకుండా, ఎవరితో ఏం మాట్లాడామో అదే చెప్పి ఒప్పుకోలు. ఇద్దరు ముగ్గురి పేర్లు. చివర్లో ప్రభువు ప్రార్థన. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, ఆ రోజును ఒకసారి వెనక్కి చూసుకుని ఆయన చేతికి అప్పగించడం. ఇంతే. ఇది చాలదని ఎవరైనా అంటే, చాలదనే ఆకలి పుట్టించడానికే ఇది అని చెప్పండి. పది నిమిషాలు నెలల తరబడి నిలిచినవాళ్లకు అది ఇరవై కావడానికి ప్రసంగం అక్కర్లేదు.

మనసు పరుగెత్తుతుంది. దానికి మందలింపులు చాలా విన్నాం, ఉపాయం చెప్పండి. కరెంటు బిల్లు గుర్తొస్తే పక్కనున్న కాగితం మీద రాసి పెట్టుకుని మళ్లీ కీర్తనలోకి రావచ్చు. అన్న మీద కోపం గుర్తొస్తే అది పక్కదారి కాకపోవచ్చు, ఆ రోజు ప్రార్థనలో మాట్లాడాల్సింది అదే కావచ్చు. పైకి చదవడం, నడుస్తూ ప్రార్థించడం, రాస్తూ ప్రార్థించడం ఇవన్నీ సాయం చేస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని చేసినా దేవుడు వింటాడని బయటికి చెప్పండి. మీకిది చిన్న మాటే, కానీ చాలామంది పెద్దవాళ్లు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నారు.

ఇరవై ఒక్క రోజుల ప్రార్థనలు పెడతారు. దానియేలు మూడు వారాల ఉపవాసం దృష్ట్యా పెడితే మంచిదే. ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట మాత్రం చెప్పకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం తొంభై ఆరు మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. తినడం, తాగడం, వ్యాయామం లాంటి కొత్త అలవాట్లు ఎంతకాలానికి వాటంతటవే జరిగిపోతాయో వాళ్లు చూశారు. సగటు మనిషికి దాదాపు 66 రోజులు. కానీ కొందరికి 18, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. ఆ అలవాట్లన్నీ రోజూ జరిగే ఇంకో పనికి, ఉదాహరణకు ఉదయం ఫలహారానికి, ముడిపెట్టినవి. ఇది ప్రార్థన మీద చేసిన అధ్యయనం కాదు, ప్రార్థన అలవాటు ఒక్కటే కాదు, నాకు తెలుసు. అయినా కుర్చీలో కూర్చునే శరీరం ఆ శరీరమే కదా. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. మధ్యలో ఒక్కసారి మానేసినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి పెద్దగా అడ్డు రాలేదు.

మానేసిన రోజుల గురించే నేను మీతో గట్టిగా మాట్లాడాలనుకున్నాను. ప్రార్థనా జీవితాలు కూలిపోయేది మొదటి రోజు మానేసినప్పుడు కాదు. మానేసిన మూడు రోజులకూ కలిపి బాకీ తీర్చాలనుకుని, తీర్చలేక, దేవుని ముఖం చూడలేక తప్పించుకు తిరిగేటప్పుడు. అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే. దాచుకుంటే పురుగులు పట్టింది, విశ్రాంతిదినం కోసం దాచింది తప్ప. నిన్నటిది ఈరోజు ఏరమని ఎవరినీ అడగలేదు. "మా అనుదినాహారము నేడు మాకు" అని నేర్పిన ప్రభువు నిన్నటి మానేసిన ప్రార్థనకు వడ్డీ అడుగుతాడని ఎవరు చెప్పారు మాకు? ఎవరూ సూటిగా చెప్పలేదు. కానీ మీ వేదికల మీద వినిపించే సాక్ష్యాలు చెబుతున్నాయి. "ఆ రోజు ప్రార్థన చేసుకోకుండా బయల్దేరాను, అందుకే యాక్సిడెంట్ అయింది." "ప్రార్థనలో చల్లబడ్డాను, అందుకే బిడ్డకు జబ్బు చేసింది." ఇలాంటి సాక్ష్యం ముగిశాక మీరు "ఆమేన్" అంటారు, సభ అంతా "ఆమేన్" అంటుంది. ఆ సభలోనే ఎక్కడో, ఉదయమంతా ప్రార్థించి బయల్దేరి ప్రమాదంలో చనిపోయిన ఒకతని భార్య కూర్చుని ఉంటుంది. ఆమెకేం జవాబు చెబుతాం? యోబు స్నేహితులు చేసిన వాదన ఇదే. నీకు కష్టం వచ్చిందంటే ఎక్కడో లోటు చేశావు అన్నారు. చివరికి దేవుడు వాళ్లమీదే కోపగించుకున్నాడు, వాళ్లకోసం యోబు ప్రార్థించాల్సి వచ్చింది. భయంతో రోజూ మోకరించేవాడు దాన్ని తాయెత్తులా వాడుతున్నాడు. అటువంటి ప్రార్థన ఎన్నేళ్లు సాగినా తండ్రితో మాట్లాడటం కాదు. దయచేసి ఆ సాక్ష్యాలకు ఆమేన్ అనడం ఆపండి. వీలైతే అక్కడికక్కడే మెల్లగా సరిదిద్దండి.

కొందరికి పది నిమిషాలు కూడా దొరకవు. నెలల పసిబిడ్డ ఉన్న తల్లి, మంచాన పడ్డ తండ్రికి రాత్రంతా సేవ చేసే కొడుకు, ఒకే గదిలో ఆరుగురితో ఉండే విద్యార్థి. తలుపు వేసుకోమన్న ప్రభువు మాట వాళ్లకు వేయడానికి తలుపే లేనప్పుడు ఎలా వర్తిస్తుందో చెప్పాల్సింది మీరే. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి ప్రార్థన ఒక్క శ్వాసలో ముగుస్తుంది, బిడ్డకు పాలిస్తూ కూడా చేయవచ్చు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరే. ప్రార్థన చేయలేకపోవడం వాళ్ల జబ్బులో భాగం కావచ్చు. "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అని పంపేయకుండా డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లమనండి, వాళ్లు పలకలేని ప్రార్థనను వాళ్ల పక్కన కూర్చుని మీరు పలకండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తుందని రోమా 8లో ఉంది. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు. పక్షవాయువుగల మనిషిని నలుగురు మోశారు. యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని.

మీ నుంచి కోరేవి పెద్దవేమీ కావు. మీ సొంత అనుదిన ప్రార్థన గురించి అప్పుడప్పుడు మామూలు మాటల్లో చెప్పండి, అద్భుతాలు జరిగిన రోజుల గురించే కాకుండా ఏమీ జరగని రోజుల గురించి. నిద్రమత్తులో కీర్తన చదివి లేచిన రోజు మీకూ ఉంటుంది. బాప్తిస్మ తరగతుల్లో సిద్ధాంతంతో పాటు రెండు వారాలు కూర్చుని ప్రార్థించడం పెట్టండి, కొత్త విశ్వాసికి అనుభవమున్న ఒక తల్లినో తండ్రినో జత చేయండి, వాళ్లు కొన్నాళ్లు కలిసి ప్రార్థించుకుంటారు. ప్రార్థన కూటాల మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. మూడు గంటల ప్రార్థన కూటంలో గంట పాటలు, గంటన్నర వాక్యం, ప్రకటనలు పోగా ప్రార్థనకు మిగిలేది చివరి పది నిమిషాలు, అదీ మైకు పట్టుకున్న ఒక్కరే చేస్తారు. మేం కళ్లు మూసుకుని వింటాం.

ఈసారి ప్రార్థన మీద ప్రసంగించే ఆదివారం వాక్యానికి ఉంచుకున్న సమయంలోంచి పదిహేను నిమిషాలు ఇటు ఇవ్వండి. పదమూడో కీర్తన అందరితో నెమ్మదిగా చదివించండి, ఆరు వచనాలే. మూడు నిమిషాలు మౌనంగా ఉండనివ్వండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉన్నా కీబోర్డు వాయించనివ్వకండి. తర్వాత ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి రేపు ఏ సమయంలో, ఇంట్లో ఏ చోట, ఏ కీర్తనతో కూర్చుంటారో రాసుకోమనండి. ఆ చీటీలు మీరు వసూలు చేయవద్దు, మా బైబిళ్లలో పెట్టుకుంటాం. నెల తర్వాత చిన్న గుంపుల్లో, రాసుకున్న సమయం ఎవరికి కుదరలేదో అడిగి, వాళ్లకు కుదిరే సమయం వెతకడానికి సాయం చేయండి.

ఇట్లు,
మీ ప్రసంగాలు వింటున్న ఒక సంఘ సభ్యురాలు